దుంపరాష్ట్రం

ఎనిమిదేళ్లు బ్యాంకాక్ హోటల్లో గరిటె తిప్పి
గుణుపురం దిగిన మా తమ్ముడు దాలినాయుడు
పెట్టె విప్పితే సెంటు సీసా లేదు, చీర లేదు,
అట్టముక్క మీద రాసుకున్న చిట్టా ఒకటి,
నూనె మరకలతో.

"అప్పా, ఇవి కావాల. ఇక్కడ దొరకవు.
విశాఖపట్నం పోవాల."
మొదటి పేరు గలాంగల్.
దాని కింద ఆకులూ గడ్డీ పచ్చికాయలూ
నాకు నోరు తిరగని పేర్లు,
వాడి నోట్లో మాత్రం
మెత్తని వేడన్నంలా తిరుగుతున్నాయి.

నాకప్పటికి నలభై రోజులుగా నాలుక లేదు.
జ్వరం నన్నొదిలింది,
పోతూ పోతూ రుచిని వెంటేసుకుపోయింది.
స్టేషను పక్క నా కొట్లో
చట్నీ కుదిరిందో లేదో
తినేవాళ్ల మొహాలు చూసి తెలుసుకునేదాన్ని.
ఉప్పెక్కువైతే నౌపడా పాసింజరు గార్డు
ఒక కనుబొమ్మ ఎత్తేవాడు.
అదే నా కొలత.

మంగళవారం సంత.
వంశధార మీద మంచు ఇంకా లేవలేదు.
కొండ దిగొచ్చిన సుంబారి
అడ్డాకుల మీద సరుకు పరిచింది:
వెదురు కొమ్ములు, గుత్తులుగా ఉస్తికాయలు,
గోరంత మిరపకాయలు,
ఎర్రతోలు దుంపలు,
పనిచేసిన వేళ్లలా కణుపులు కణుపులుగా.

దాలినాయుడు ఒక దుంప విరిచాడు.
వాసన చూశాడు.
చిట్టా తీసి దాని మొహం, దుంప మొహం చూశాడు.
"ఓలప్పా, ఇదే!"
చిన్నప్పుడు తూనీగ చిక్కితే అరిచినట్టు.

ఇదా?
దుంపరాష్ట్రంరా దీన్ని.
అమ్మ బాలింతకాయంలో దంచింది ఇదే.
నువ్వు పుట్టిన ఇరవై రోజులూ
ఇంట్లో గోడలకి కూడా ఇదే వాసన.
సముద్రం దాటిపోయి
నీ పురుటింటి వాసనకి
పేరు మార్చుకొచ్చావు.

వాడేమీ అనలేదు.
దుంపని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇది దేనికి మంచిది?" అనడిగితే
సుంబారి వేళ్లు ముడిచింది: దగ్గుకి, మోకాలికి,
నోరు సచ్చిపోతే నోటికి.
అక్కడి హోటల్లో గోడంతా ఇదే రాసుంటుందట,
నెత్తురు పల్చబడుతుందనీ
ఒళ్లు తగ్గుతుందనీ.
జనం ముందు గోడకి ఫొటో తీసుకుని
తర్వాత చెంచా పడతారట.
నాకు ఆ లెక్కలు తెలీవు.
డాక్టరిచ్చిన బిళ్లలు మాననూ లేదు.

నిమ్మగడ్డి నర్సమ్మ గారి క్వార్టరు వెనక దొరికింది.
రెండు ముక్కల నిమ్మాకు ఎక్కడా దొరకలేదు,
దబ్బాకు చింపి వేశాడు, మొహం కొంచెం చిట్లించి.
చేపల రసానికి బదులు
బారువ ఎండురొయ్యలు వేయించి నలిపాడు.
ఉస్తికాయలు చితక్కొట్టి
కొబ్బరిపాలలో వదిలితే
చేదు కాస్త సిగ్గుపడింది.
పచ్చి బొప్పాయిని నా రోట్లోనే
మిరపతో, చింతపండుతో, బెల్లంతో
దంచుతుంటే, దంచటం కాదురా అది,
పసిదాని వీపు తట్టినట్టు.

ఆవిరి మొహాన కొట్టింది.
కళ్లు తెలుసుకున్నాయి, ముక్కు తెలుసుకుంది,
నాలుక మాత్రం
ఎవరింటికో వచ్చిన చుట్టంలా కూర్చునుంది.

రెండో గుటక.
మూడోది.
దవడ మూల ఎక్కడో చిన్న పులుపు,
తలుపు సందులోంచి వెలుతురంత.
దాని వెనక ఘాటు.
దాని వెనక, ఆగు,
దాని వెనక ఉండాల్సింది లేదు.

"ఉప్పు తక్కువైందిరా."

వాడు గరిటె కింద పెట్టేశాడు.
ఉప్పు డబ్బా పక్కనే ఉంది, తియ్యలేదు.
"మళ్లీ అను" అన్నాడు.

పై మంగళవారం
సుంబారి దుంప మీద అయిదు రూపాయలు పెంచింది.
మా మొహాలు చదివేసినట్టుంది.
బేరమాడాను, గట్టిగానే,
సంతంతా తిరిగి చూసేలా.
నోరు తిరిగొచ్చింది కదా.