దుబాసి కూలి

సిరొంచ బస్టాండు వెనక సభ.
పెద్దాయన మరాఠీల ఒక ముక్క అంటడు,
వెనకనే నేను తెలుగుల ఒక ముక్క అంట.
పూటకు ఐదునూర్లు, పైన ఒక చాయ.

రస్తా అంటే బాట. పాణీ అంటే నీళ్లు.
శేత్కరీ అంటే రైతు, కర్జ్‌మాఫీ అంటే
ఎట్లన్నా అందరికీ తెలిసిందే.
ఒక కావడికి రెండు కుండలు కట్టుకున్నట్టు
నాలుక మీద రెండు బాసలు మోసుకుంట
గంటసేపు నిలబడ్డ.

అప్పుడు ఆయన గొంతు పెంచిండు.
"సామాజిక న్యాయ్!"
అని నా దిక్కు చూసిండు.
నాకేం పని లేదు.
చివర ఒక సున్న తగిలించి ఇచ్చిన.
ఒకటే చప్పట్లు.
ఇంత సులువు పైస నా పుట్టుకల ముట్టుకోలే.

కానీ మా దగ్గర సమాజం అంటే లోకం కాదు,
కులం.
"మీదే సమాజ్?" అని అడిగినంకనే
కిరాయికి అర్ర చూపిస్తరు.
ముందు వరుస ముసలాయన ఆ మాటల
రేకుల కప్పు, నీలం రంగు తలుపు ఉన్న
తమ సమాజ భవనం చూసుకున్నడు.
తెల్లంగి పిలగానికి
తాసీలు ఆఫీసుల మూడేండ్ల సంది నానుతున్న
దాఖలా యాదికొచ్చింది.
తాత ఈడోడే అన్న రుజువు తెమ్మన్నరు,
తాతేమో ప్రాణహిత ఆవలి ఒడ్డున పుట్టిండు,
ఏరు దాటేటప్పుడు రసీదు అడుగలే.
కిరాణం సేటు చప్పట్లు కొట్టలే.
ఎవరికో న్యాయం అయితాంది అంటే
మెల్లగ జేబు మీద చెయ్యి పెట్టుకున్నడు.

ఆడోళ్ల దిక్కు నుంచి పోచుబాయి లేచింది,
తునికాకు పసరుకు వేళ్లు నల్లగ.
"న్యాయం ఎరికే బాపూ.
దాని ముంగట అన్నవే, ఆ మాట ఏంది?"

"అందరి న్యాయం, పెద్దమ్మా."

"అందరిదా?
కల్లం కాడ మున్షి నూరు కట్టలకు
ఐదు కట్టలు మీద గుంజుకుంటడు,
పురుగు ఆకులని, పగిలిన ఆకులని.
ఆ ఐదు గూడ వస్తయా?"

కొందరు నవ్విండ్రు. కొందరు నవ్వలే.
మున్షి తమ్ముడు మైకు వైరు సర్దుతున్నడు.

బాయి ఏమంటాందని పెద్దాయన వంగి అడిగిండు.
తెలుగు నుంచి మరాఠీకి మల్పుడు
నా కూలిల లేదు.
"మీకు జై అంటాంది సాబ్" అన్న.
ఆయన రెండు చేతులు జోడించి మొక్కిండు.
అదే జవాబనుకుని
పోచుబాయి తలూపి కూసున్నది.

రాత్రి మాటేలకు ఇంటికొచ్చి
కందిలి కింద నోట్లు లెక్కవెట్టిన.
నాలుగు నూర్ల డెబ్బై ఐదు.
మల్లా లెక్కవెట్టిన.
సభకు తోల్కపోయినోడు
తన వాటా ముందుగాలనే తీసుకున్నడు,
నూటికి ఐదు.

పొద్దుగాల పోయి అడుగాలె అనుకున్న.
ఏ బాసల అడుగాల్నో
ఇంకా తోస్తలేదు.