సైకిల్ చువ్వ

పర్లాకిమిడి మహారణాల వీధి కొసన
రైలు పెట్టెలా పొడుగ్గా ఉండే ఇల్లు.
వీధిగదిలోంచి పిలిస్తే
పెరటి బావి చేరేలోపు మాట సగం అరిగిపోతుంది.

"ముప్పై ఏళ్లలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి
మా ఇంట ఫ్యూజు పోలేదురా" అంటుంది కుముదిని మావుసి,
పిల్లాడు ఫస్టు క్లాసులో పాసయినట్టు.
నేను నవ్వలేదు.
ఎన్నడూ పోని ఫ్యూజంటే మా పనివాళ్లకి భయం.

నిచ్చెన ఎక్కాను.
టేకు పట్టీల మీద తగరపు క్లిప్పులు
జెర్రి కాళ్లలా వరసగా.
ఆ వరస మా గురువు నీలాద్రి పాత్రుడిది,
దారం పట్టి, సున్నం గీత కొట్టి మరీ బిగించేవాడు.
వైరు వేలితో తాకితే
రబ్బరు పాత అప్పడంలా పొడైంది.
లోపల రాగి, సిగ్గులేకుండా, నిగనిగ.
ప్లగ్గులన్నీ రెండు కన్నులవే.
వానాకాలం తడిగోడ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది.
"పాత ఇల్లు కదా, దానికీ ఒళ్లు నొప్పులు" అని
మావుసి సర్దిచెబుతుంది.

మీటరు కింద పింగాణీ కప్పు లాగాను.
ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట
సైకిల్ చువ్వ ముక్క.
కొసన మర ఇంకా ఉంది.
గుర్తుపట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు.
అది నా సైకిలుది.

రథయాత్ర ముందు రాత్రి. నాకు పదిహేడు.
తెల్లారేసరికి దండపాణి మహారణా
నలభై కొమ్ము కొంగలకు మెరుగు పెట్టాలి.
మోటారు తిరగ్గానే ఫ్యూజు టప్పు.
కడతాను. టప్పు. మళ్లీ కడతాను.
నాలుగోసారి ఆయన ఏమీ అనలేదు,
కొమ్ముపొడి పట్టిన రెప్పలెత్తి చూశాడు, అంతే.
బయట నా వెనక చక్రంలో వదులైన చువ్వ ఒకటుండేది.
"ఇవాళ్టికి ఇది. రేపొచ్చి మార్చేస్తాను" అన్నాను.

తెగడమే కదా దాని పని.
తను తెగి ఇల్లు నిలపడం.
తెగనిదాన్ని పెట్టి నేను పేరు తెచ్చుకున్నాను:
"నీలాద్రి కంటే కుర్రాడే నయం, వాడు కట్టింది పోదు."

ఆ ఇంట్లో ఎప్పుడూ కాలిన వాసనే.
కొమ్మును వేడిచేసి వంచేటప్పుడు, సానపట్టేటప్పుడు,
వెంట్రుకలు కమిలినట్టు.
అందులో మరో కాలిన వాసన కలిస్తే
ఎవరికి తెలుస్తుంది?
ఆయన పోయి ఆరేళ్లు. మోటారు అమ్మేసి అయిదు.
"కూలరు వేశానంటే చాలు, ఆ మూల ఆయన వాసన వస్తుందిరా,
వచ్చి కూర్చున్నట్టే.
అందుకే చలిలో కూడా కాసేపు వేస్తాను."

ఆ మూల పట్టీ విప్పితే
గోడ జానెడు మేర నల్లగా ఉంది.

చెప్పాను. తప్పదు.
చువ్వ ఆమె అరచేతిలో పెట్టి, నాదేనని కూడా.
చాలాసేపు దాన్ని తిప్పి చూసింది.
"అయితే ఇన్నాళ్లూ వచ్చి కూర్చున్నది
నువ్వా" అంది.

నాలుగు రోజుల పని.
కొత్త తీగలు మూడేసి, ఆకుపచ్చది భూమికి.
ఎర్తు కోసం పెరట్లో గొయ్యి తవ్వితే
మూడడుగుల లోతు దాకా కొమ్ముపొడే.
బొగ్గు, ఉప్పు, నాలుగు బిందెల నీళ్లు.
గడప పక్కన కొత్త పెట్టె. అందులో ఒక మీట,
ఎక్కడ కరెంటు కారినా
రెప్ప వాలేలోపు తనే పడిపోతుంది.
పరీక్ష బొత్తం నొక్కి చూపించాను. ఇల్లంతా చీకటి.
"ఇది పోతుంటుంది మావుసీ.
పోతే తిట్టకు. ఎందుకు పోయిందో నన్నడుగు."

చీకట్లో ఆమె ముక్కు ఎగబీల్చడం వినిపించింది,
ఏడుపో, వాసన వెతుక్కోవడమో.
మీట పైకెత్తాను. కూలరు తిరిగింది.
తడిసిన వట్టివేళ్ల వాసన. అంతే.

కూలి తీసుకోలేదని చెప్పాలని ఉంది.
సగం తీసుకున్నాను.
చువ్వ అడిగితే ఇవ్వలేదు.

ఈ వీధిలో నా చేతి కట్లు ఇంకెన్నున్నాయో
లెక్క రాసుకోలేదు.
పక్కింటి గొళ్లెం కొట్టి అడుగుతున్నాను:
"ఏమండీ, మీ ఇంట ఫ్యూజు
ఈమధ్య ఎప్పుడైనా పోయిందా?"