ఊలు బంతి

పదకొండోసారి.
పదకొండోసారి ఓడి వచ్చినాం
సూళ్ళూరుపేట నించి, పాసింజరు బండిలో,
తలుపు కాడ నిలబడి.
ఆడింది వాళ్ళయిదుగురు. "ఓడినాం" అనేది నేను.
నా నోరే అంత.

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కాటా గుమాస్తాని.
బస్తా మూతి విప్పకముందే చెప్తా
అడుగున ఎన్ని మెత్తబడుండాయో.
వేలు పెట్టి చూడక్కర్లా, వాసన చాలు.
క్లబ్బు కమిటీ గదిలోకి పోయినప్పుడు
ఆ వాసనే వచ్చింది సామీ,
అగరొత్తుల పొగ కింద నించి.

అధ్యక్షుడు రొయ్యల హేచరీ ఓనరు.
గ్లాసుడు నీళ్ళు వెలుతురుకి ఎత్తి పట్టి
ఏ పిల్ల బతకతాదో ఏది చస్తాదో చెప్పగల మనిషి.
ఎదురుగ్గా నిలబడిన మస్తాన్ బాషా మాత్రం
ఆయన కంటికి ఆనలా.
సెంటర్లో వాడుంటే
తూర్పుగాలి కూడా వాణ్ణడిగి వీచేది.
ఊలు బంతి వాడి రాకెట్టు మీద వాలి
ఒక్క క్షణం ఆలోచించుకుని
ఎదుటోళ్ళ కాళ్ళ సందున పడేది.

దారి ఖర్చులకి నూట ఎనభై అడిగినాడంట.
నూట ఎనభై!
"ఆటగాడికి ఆశ ఉండకూడదు" అన్నాడంట కార్యదర్శి.
మినిట్సు పుస్తకంలో రాసుండాడు కూడా, ఎర్ర సిరాతో.
ఆ పూట మీటింగుకి బిర్యానీ బిల్లు
నాలుగు వేల రెండొందలు.
అది ఏ సిరాతో రాసినారో నాకు తెలవదు.

ఇప్పుడు మస్తాన్ నెట్టుకి అవతల ఉండాడు.
మొన్న మూడో సెట్టు, ముప్పైమూడు ముప్పైనాలుగు,
మా సెంటర్లో కోశాధికారి బామ్మర్ది.
కొత్త బూట్లు, మణికట్టుకి పట్టీ.
బంతి వస్తాంటే
పన్నీరు చల్లించుకునే పెళ్ళివారి మనిషిలా
నవ్వుమొహంతో నిలబడినాడు.
పడింది.
మస్తాన్ గంతులెయ్యలా.
నెట్టు కింద నించి వంగి ఇవతలికి వచ్చి
బంతి తీసి, దుమ్ము దులిపి,
"అన్నా, నిమ్మకాయల రేటు ఎట్టుండాది?" అన్నాడు.
ఏం చెప్పేది.
"పడిపోయింది నాయనా" అన్నా.

అభ్రకం గని కూలోళ్ళు పెట్టిన క్లబ్బు ఇది.
మొదటి నెట్టు దుగరాజపట్నం చేపల వల,
కోసి, రెండు సర్వి బాదులకి కట్టినారంట.
వానొస్తే ఉప్పు వాసన కొట్టేదంట కోర్టంతా.
నేను శాశ్వత సభ్యుణ్ణి. రశీదు నంబరు నలభై ఒకటి.
సర్వసభ్య సమావేశంలో లేచి అడిగినా:
ఆటగాళ్ళకి గట్లు లేవు, బంతులకి ఊలు లేదు,
కట్టిన చందా యాడికి పోయింది అని.
"చెంచుకిష్టయ్యా, కూర్చో.
ఆట గురించి నీకేం తెలుసు?"
తూకం తెలుసయ్యా, అన్నా.
అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా, సిగ్గులేకుండా.
తర్వాతి అంశం:
గేటు కమానుకి అధ్యక్షుడి నాయన పేరు.
చప్పట్లతో ఆమోదం.

ఇంక ఆ గడప తొక్కనని ఒట్టేసినా ఇంటికొచ్చి.
మా ఆమె చేట పక్కన పెట్టి
"ఇంట్లో కూర్చుని నా మీద అరవబాకు,
పోయి ఆడ అరువు" అనింది.

ఆదివారం సాయంత్రం పోయినా.
కోర్టులో గీతల్లేవు.
పోయిన వారం నేను గీసినవి
మేకలు తొక్కి, గాలి తిని,
ఎవరో చెరిపేసిన లెక్కలా ఉండాయి.
సున్నం డబ్బా తెచ్చి వంగినా.
నడుం పట్టుకుంది, అయినా వంగినా.
వెనక గీత సగానికి వచ్చేసరికి
కమిటీ కారు వచ్చి సరీగ్గా దాని మీద ఆగింది.
అద్దం దించమని కొట్టినా.
లోపల ఏసీ. వినపళ్ళా.

టైరు దాకా గీసినా.
కారు చుట్టూ తిరిగి పోయి
అవతలి టైరు కాడ నించి మళ్ళీ మొదలుపెట్టినా.