పన్నెండో సంచి

జడ్చర్ల దాటినంక కంపెనీ బస్సు దిగి
చెప్పులిప్పి, గాజులు దీసి, బొట్టు కూడ తుడుసుకోని
మూడు తలుపులవతల తెల్లబట్టల్ల దూరుత.
ఆ సంచుల కాడికి నా మీది మన్ను రవ్వంత పోవద్దు.
అవ్వ ఆముదాలేసే ఎర్రచెల్క
ఆ గోడకు మూడు కోసులే.

సంచులు పదహారు. ఒక్కోటి మనిషెత్తు.
లోపల గాజరగడ్డ కణాలు,
పసుపు కలిపిన గంజి లెక్క
బుడగల మీద లేసుకుంట, మునుగుకుంట.
వేరు లేదు. ఆకు లేదు. పొద్దు మొకమెరుగయి.
చక్కెరనీళ్లు తాగి చీకట్ల పెరుగుతయి.
ఎన్నడో ఎవరో వాటిల మనిషి జన్యువొకటి కుట్టిన్రు,
అప్పటి సంది తనకక్కరలేని ఎంజైమును
చేబదులు దీర్చినట్టు
చేస్తనే ఉన్నది గాజర.
యాడనో ఒక పోరడు,
కడుపుల బల్ల పెరిగి, బొక్కలు సలిపి నిద్రలేనోడు,
పదిహేను దినాలకోపారి
దీన్ని నెత్తుట్ల ఎక్కించుకుంటడట.

"ఈ కారు ఏం బెట్టిన్రే?" ఫోన్ల అవ్వ.
"గాజర."
"గడ్డ ఎంత లావొచ్చింది?"
"గడ్డ రాదవ్వా."
"మరి గింజనా? ఆకా?"
"ఏదీ రాదు."
జరసేపు ఊకున్నది.
"ఏదీ రానిదానికి
గాజరని పేరెందుకే శివలీలా?"
ఏం చెప్పాల్నో తెలియలే నాకు.

మొన్న రాత్రి పన్నెండో సంచి.
తెర మీద గీతలన్ని సక్కగనే ఉన్నయి.
శాంపిల్ సీసా మూత దీసి మాస్కు జరిపితే
సన్నంగ, మూడోనాటి కలి వాసన.
"అన్నీ నార్మలే గదా" అన్నడు ఉపేందర్ సారు.
"మిషిన్ల ఇంట్ల అంబలి కాయరు సార్."
నవ్విండు. రాసుకోలే.
తెల్లారుజామున నాలుగింటికి
ఆక్సిజన్ గీత బావిల బొక్కెన లెక్క పడ్డది.

కంటికి కనబడని పురుగు ఒక్కటి చొచ్చిందట.
నాలుగొందల లీటర్లు.
ఎంతమంది పిల్లల సూదులో
నేను లెక్క గట్టలే.
గట్టిన. బస్సుల, వేళ్ల మీద, రెండుసార్లు.

మోరీల పోసేముందు ఆవిరి పెట్టి చంపాలె.
వాల్వు తిప్పిన. గొట్టం వణికింది.
గది కిందిసందుల నుంచి మెల్లగ వచ్చింది వాసన –
పోపు లేదు, ఉప్పు లేదు,
అచ్చం ఉడుకుతున్న గాజరకూర.

పొద్దుగాల అవ్వకు ఫోన్ జేసి
పేరు అందుకే అని చెప్పిన.