ఎదురు బరువు

పొద్దున ఆరున్నర. హన్మకొండ చౌరస్తా ఎనక సందుల
మా ల్యాబు షట్టరు సగమే లేస్తది.
పరగడుపున వచ్చినోళ్లు వంగి లోపలికొస్తరు.

మొదటి నంబరు ఓదెలు.
ఎనుమాముల మార్కెట్ల ముప్పయ్యారేండ్లు హమాలీ.
మిర్చి ఘాటు ముక్కుల్నే ఉండిపోయిందేమో,
పని మానేసినా తుమ్ముతనే ఉంటడు.
వీపు మీది కండ కరిగింది.
అదంతా ఎటు పోయిందంటే
పొట్ట చూపించి నవ్వుతడు.

నరం దొరకక మూడుసార్లు తట్టిన.
"పోయిన యేడు చూసిన రక్తమే గద బిడ్డా, మల్లెందుకు?"
అదే కాదు పెద్దనాయినా.

సెంట్రిఫ్యూజు తిరిగి తిరిగి ఆగింది.
ఎరుపంతా అడుక్కు పోయింది.
తేటగ ఉండాల్సిన పైభాగం
గంజి వార్చినట్టు తెల్లగ.
రాత్రి నుంచి ఏం తినలేదన్నడు. అబద్ధమాడే మనిషి కాదు.

ఏమని చెప్పను?
నీ నెత్తుట్ల గూడ హమాలీలున్నరని చెప్పిన.
కొవ్వుకు నీళ్లల్ల ఈత రాదు,
బస్తా కట్టి ఎవరో ఒకరు మొయ్యాలె.
వయసు మీద పడ్డంక కాలేయం గుమ్మం కాడ
సరుకు దించుకునే కొక్కేలు తక్కువైతయి.
మోసుకొచ్చినోడు బరువుతోని బజార్లనే తిరుగుతడు.

"ఔ, సీజన్ల గట్లనే" అన్నడు ఓదెలు,
"లారీలు బారుగ నిలవడితయి, కాంటాకాడ మనిషుండడు."

ఇన్సులిన్ సంగతి అడిగిండు. చాటింపు అన్న.
చక్కెరొచ్చింది తలుపు తియ్యుండ్రని
గడప గడపకు డప్పు కొట్టే మనిషి.
పడుచు కణం ఒక్క దెబ్బకే తీసేది.
ఇప్పుడు పది కొట్టాలె.
చెవుడొచ్చిందని చాన్నాళ్లు నేనే అనుకున్న.
చెవుడు కాదు.
అటుక మీద, మంచం కింద, కండలల్ల, కాలేయంల
దాచొద్దన్న తావులల్ల దాచిన కొవ్వు బొట్లు.
డప్పు మోత వాటికి తగిలి మెత్తబడతది.

మైటోకాండ్రియా అంటే ఆయనకు నోరు తిరగలే.
పొయ్యి అన్న.
"పుల్లలున్నయి గని మండుతలేదంటవు."
పొగ ఎక్కువ, అన్న.

అప్పుడు చూసిండు మిషన్ల రెండో గొట్టం.
"గదెవరిది?"
ఎదురు బరువు. ఒక్కదాన్నే పెడితే మిషను ఊగుతది.

రోజూ నీళ్లు పోసి పెట్టేదాన్ని.
ఇయ్యాల నా రక్తం పెట్టిన.

యాభై ఒకటి నడుస్తున్నది. నెలసరి ఆగి పందొమ్మిది నెలలు.
దాదాపు నలభయ్యేండ్లు నా కొక్కేలు తుప్పు పట్టకుండ
నూనె రాసినదెవరో
ఆమె డ్యూటీ మానినంకనే తెలిసింది.
అర్ధరాత్రి ఒళ్లంతా సెగలు. ఫ్యాను కింద లేచి కూసుంట.
కాజీపేట దిక్కు గూడ్సుబండి
ఎంత పొడుగుందో లెక్కవెడుత.

నా సీరం తేటగనే ఉన్నది. ఓదెలు మెచ్చుకున్నడు,
"చెలిమె నీళ్లోలె ఉన్నది బిడ్డా."
తేటను నమ్మొద్దని ఆయనకు చెప్పలే.
తెల్లగ చేసే కొవ్వు ఒకటి.
కంటికి ఆనకుండ నరం గోడల్ల కూసునే కొవ్వు ఇంకొకటి,
అది అంకెకే దొరుకుతది.

ఆయన చాయ తాగుతానని వంగి బయటికి పోయిండు.
పెన్ను మూత తీసిన.
గొట్టం మీది చీటీ ఇంకా ఖాళీ.
బయట రెండో నంబరు షట్టరు తడుతున్నడు,
ఒకసారి, మల్లొకసారి.