అంగీ మీద ఉప్పు

ముహర్రఖ్‌లో నా మొదటి కొలువు
ఏడో పేజీ కింది మూల, ఆటుపోట్ల పట్టిక.
ఒకసారి అంకె తప్పు పడితే
తెల్లారేసరికి ముసలి జాలరి ఒకడు
బురదకాళ్లతో ఆఫీసు మెట్లెక్కాడు.
అతని పడవ ఇసుకలో కూర్చుందట.
విలేఖరి పని నాకు నేర్పింది ఆ బురదే.

తర్వాత చాలా రాశాను.
తూబ్లీ అఖాతంలో మడచెట్ల మీద మట్టి పోసిన రాత్రి,
ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపుటావు,
దాని కడుపులో తాడు.
ఎడిటర్ ఎర్ర పెన్నుతో కంపెనీ పేరు కొట్టేసి
"ఒక సంస్థ" అని పెట్టేవాడు.
ఇరవై రెండేళ్లు. ఆ "ఒక సంస్థ" మీద
నా దగ్గర నాలుగు అట్టపెట్టెలున్నాయి.

ఆగస్టు, సిత్రా.
పన్నెండింటికి పని ఆపాలని చట్టం.
అప్పుడు పదకొండున్నర.
థర్మామీటరు గుండుకి తడిగుడ్డ చుట్టి
"ముప్పై రెండు" అని రాసుకుంటుంటే
జగిత్యాల రాజలింగు నవ్వాడు:
"గంతేనా మేడం? నా అంగి సూడుండ్రి."

నీలం చొక్కా వీపు మీద
తెల్లటి గీతలు, ఒకదాని లోపల ఒకటి,
అల వెనక్కి పోయినచోట మిగిలేవాటిలా.
ఎన్నిసార్లు తడిసి ఎన్నిసార్లు ఆరాడో
వేలితో లెక్కపెట్టాను. అయిదు.

ఆ రాత్రి పట్టికలో
పోటు, ఆటు, ఎండ, వాటి పక్కన
ఇంకో గడి గీశాను.
కొలమానం ఏమిటని అడిగాడు ఎడిటర్.
నాకు తెలీలేదు.
అంకె తీసేశారు, గడి మరిచిపోయారు.

మర్నాడు ఆ కాగితం పరుచుకుని
రాజలింగు రొట్టె తింటున్నాడు.
ఇంగ్లీషు రాదు. ఖాళీ గడి మీద
పప్పు అంటిన వేలు పెట్టి అడిగాడు,
"గిది నాదేనా?"