కుర్చీ ఒక్కటే ఉంది

పిండికట్టు కాలు దిండు మీద పెట్టి
నా ఫోన్ లోపలికి పోయింది ఆమని.
బడి లేదు ఆరు వారాలు.
టీచరమ్మ ఒక పట్టీ పంపింది,
ఏ దేశం మ్యూజియమైనా, ఏ జూ అయినా
ఇంట్ల కూసోని చూడొచ్చట, పైసా లేకుండ.
రోజు ఏం చూసినవో నోట్‌బుక్కుల రాయాలె.
"టికెట్టే లేదు నాన్నా!" అని అరిచింది,
టికెట్టు లేనోళ్లను ఆపేటోని బిడ్డ.

మూసీ ఒడ్డు మ్యూజియంల
పద్దెనిమిదేండ్ల కెళ్లి నాది పై అంతస్తు.
నేను చూసేది వస్తువులను కాదు, చేతులను.
ముట్టుకోవద్దు, ఒరగొద్దు, అద్దం మీద ఊదొద్దు,
గీ మూడు మాటలు మూడు భాషల్ల
నిద్రల గూడ అంటనని సరళ నవ్వుతది.

ఇంట్ల ఆమని వేలు
అద్దం మీద దాని ఇష్టం.
రెండు వేళ్లతోని గుంజితే
పచ్చరాతి గిన్నె చెరువంతైతది.
"అంచు మీద పగులుంది, చూసినవా?
ఎంటిక లెక్క."
చూడలె.
దాని పక్కన్నే గద నిలబడేది నేను.

తెల్లారి, ఎవ్వరు లేంది చూసి
మెడ వంచిన.
ఉంది.
నా ఊపిరి అద్దం మీద మబ్బు కట్టింది.
దస్తీతోని తుడిచిన, దొంగ లెక్క.

ఇంకో రోజు: "నువ్వేడున్నవ్ మరి?"
బాణం గుర్తు నొక్కుకుంట, గది ఎన్క గది,
గడియారం దాటి, కత్తులు దాటి,
నన్ను ఎతుకుతున్నది.
సెలవు నాడు తీసిన ఫోటోలు బిడ్డా,
మనుషులు పడొద్దని పంపేసిండ్రు అందర్ని.
అది ఇనలె. గుంజింది, ఇంకా గుంజింది.
మూలకు, కిటికీ కింద, నా కుర్చీ.
ఊగుతుందని నేనే కట్టిన ఎర్ర గుడ్డపేలిక
ఎనక కాలుకు ఇంకా ఉంది.
"దొరికినవ్!" అన్నది.
రాజుల కుర్చీలకు పేరు పలకలున్నయి అక్కడ,
దీనికి లేదని
నోట్‌బుక్కుల బొమ్మ గీసి కింద రాసింది:
మా నాన్నది. కూసోవచ్చు.

రాత్రి పన్నెండు కొట్టంగనే కొత్త డేటా.
కాలు దురదకు నిద్ర రాదు దానికి.
ఎక్కడిదో జూ, అక్కడ ఎండ,
ఎలుగుబంటి మనకు వీపు పెట్టి పండుకుంది.
గంట సేపు అదే వీపు.
అది గోక్కున్నప్పుడల్లా
ఇది పిండికట్టులకు స్కేలు దూర్చి గోక్కుంటది.
సరళ ఒకసారి లేచి చూసి
"దానికన్న నిద్రుంది" అని అటు తిరిగింది.

కిషన్‌బాగ్‌ల ఈ ఇంటికొచ్చి మూడు నెలలు.
తెల్లారుజామున, నల్లా ఇంకా రాలే,
బోరబోయిన గొంతుతోని
చీకట్ల కెళ్లి ఏదో లేచింది.
స్టీలు గిలాసల నీళ్లు వణికినట్టనిపించింది.
"నాన్నా, ఫోన్ బంద్ చెయ్, అమ్మ లేస్తది."
ఫోన్ ఎప్పుడో సచ్చింది, చార్జర్ కాడుంది.
"మరి?"
గోడవుతల జూ, బిడ్డా. మన జూ.
రోజు డ్యూటీకి పోతా ఇంటనే ఉన్న,
నీకు చెప్పాల్నని తోచలె.

మళ్లొకసారి.
అది వేలు మూతి మీద పెట్టి నన్ను ఆపింది,
అచ్చం నేను జనాన్ని ఆపినట్టే.
ఆగిపోయినంక చానాసేపటికి
నోట్‌బుక్కు తీసి, లైటెయ్యకుండనే రాసింది:

సింహం.
కనబడలె.